నిశ్శబ్దాలను దాటవేయి

సమాధి రాయి మీద తన పేరు చెక్కొద్దని మా ఆడపడుచు లెంపి రాళ్ళు చెక్కే వెర్న్‌కి చెప్పేసిందట. ఈ కబురు నాకు మా ఆయన ఎర్కీ చెప్పాడు. తెలిసిన రోజున చెప్పలేదు, మర్నాడూ చెప్పలేదు. శనివారం పెరటి ఆవిరిస్నానాల గదిలో, అదే సౌనాలో, చెమటలు కారుస్తూ కూర్చున్నప్పుడు, కాలిన రాళ్ళ మీద గరిటెడు నీళ్ళు చల్లి, ఆవిరి కాస్త తగ్గేదాకా ఆగి, "అక్క పేరు తీయించేసింది," అన్నాడు.

"ఎక్కణ్ణుంచి?"

ఇంకో గరిటెడు నీళ్ళు చల్లాడు. "రాయి మీంచి."

నేను ఇటాలియన్ల పిల్లని. మా పుట్టింట్లో అందరూ ఒకేసారి మాట్లాడేవాళ్ళు. ఎవరూ ఎవరి మాటా వినేవాళ్ళు కారు, అయినా అందరికీ అన్నీ తెలిసేవి. ఫిన్లండ్ నుంచి అమెరికాకి వలసొచ్చిన ఈ ఫిన్నుల ఇంటికి కోడలిగా వచ్చాక నాకు మొదట తెలిసిన సంగతి, ఇక్కడ అందరూ వినేవాళ్ళే, మాట్లాడేవాళ్ళు లేరు అని. ఇన్నేళ్ళుగా ఆ పని నేనొక్కదాన్నే చేస్తున్నాను. ఊరికే చేస్తున్నాను, పైగా మాటలు కూడా పడుతున్నాను.

లెంపి మొగుడు సులో జనవరిలో పోయాడు. జనవరిలో మా దగ్గర నేల గడ్డకట్టి గునపం దిగదు. చలికాలంలో పోయినవాళ్ళు మంచు కరిగేదాకా శ్మశానం పక్కనున్న రాతిగదిలో ఆగాల్సిందే. సులోకి అది పెద్ద కష్టమనిపించి ఉండదు. ఆగడం ఆయనకి బాగా వచ్చిన పని.

ఇద్దరికీ కలిపి ఒకే రాయి వెయ్యమని వెర్న్‌కి ముందు చెప్పింది లెంపియే. ఎడమవైపు సులో, కుడివైపు లెంపి, మధ్యలో ఒక దేవదారు చెట్టు. వాళ్ళకి పిల్లల్లేరు. ఆ రాయి మీద పక్కపక్కన రెండు పేర్లు ఉంటే తప్ప, వీళ్ళిద్దరూ ఒక కప్పు కింద బతికారని రేపు చెప్పడానికి ఎవరూ మిగలరు. అలాంటిది, మంచు కరగడం మొదలై, వెర్న్ ఉలి చేతబట్టే వేళకి ఈవిడ ఫోన్ చేసి, కుడివైపు ఖాళీగా ఉంచమంది. తనని ఎప్పుడో పోయిన వాళ్ళ అక్క హిల్యా పక్కన పెట్టాలట. అక్కడ స్థలముందట.

ఆదివారం చర్చి అవగానే ఎర్కీని వెంటబెట్టుకుని లెంపి ఇంటికి వెళ్ళాను. ఆడబిడ్డ అర్ధమొగుడంటారు. నా అసలు మొగుడు నోరు విప్పడు కాబట్టి మా ఇంట్లో ఆ సగం మొగుడితోనే నాకు ఎక్కువ పని పడుతుంది. ఎర్కీ గుమ్మం దగ్గరే పార తీసుకుని మెట్ల మీద మంచు తీస్తానని బయట ఉండిపోయాడు. మెట్ల మీద మంచు లేదు. అది మా ఇద్దరికీ తెలుసు.

లెంపి వంటింట్లో యాలకుల రొట్టె కోస్తోంది. నిసు అంటారు దాన్ని. కాఫీ అప్పటికే పొయ్యి మీద ఉంది.

"ఏంటి వదినా ఈ పని? వెర్న్‌తో అలా చెప్పావటగా?"

"చెప్పాను."

"ఎందుకూ అని."

రొట్టె ముక్క ఒకటి నా పళ్ళెంలో పెట్టింది. "అడిగితే జవాబు చెప్పలేదు."

"ఎవరు? వెర్నా?"

"సులో."

"ఎప్పుడడిగావు?"

"నేనడగలేదు. ఆ కాలేజీ పిల్ల అడిగింది. మొన్న గురువారం విన్నాను."

"వదినా, అన్నయ్య పోయి మూడు నెలలు దాటింది."

"కంప్యూటర్లో," అంది లెంపి, నాకే మతి పోయినట్టు చూసి.

సంగతేమిటంటే, కిందటి శరదృతువులో కెల్సీ అని ఒక కాలేజీ అమ్మాయి మా చుట్టుపక్కల అడవి పనులు చేసిన ముసలివాళ్ళందరి మాటలూ రికార్డు చేసుకుపోయింది. ఫిన్నులు మాట్లాడింది రికార్డు చేస్తానని బయల్దేరిన ఆ పిల్ల ధైర్యానికి మెచ్చుకోవాలి. సులో పోయాడని తెలిసి, పాపం, మంచి పిల్ల, ఆ రికార్డింగు ఒక పెన్‌డ్రైవ్‌లో వేసి తెచ్చి ఇచ్చింది. లెంపికి ఒక పాత కంప్యూటర్ ఉంది. చర్చి ఆడవాళ్ళ సంఘం కొత్తది కొనుక్కుని పాతది ఆమెకి ఇచ్చింది. మా ఊరి పక్కనున్న సుపీరియర్ సరస్సు మీద ఏ ఓడ ఎక్కడుందో చూసుకోవడానికి వాడుతుంది, అంతే. అందులో పాటలూ సినిమాలూ ఆడించే ప్లేయర్ ఒకటి ఉంది. దాన్నెవరూ పెట్టలేదు. ఇంట్లోకి ఎలకలు వచ్చినట్టు దానంతటదే వచ్చింది.

"సరే, పెట్టు. నేనూ వింటాను," అన్నాను.

ముందుగదిలో కంప్యూటర్ ముందు కూర్చున్నాం. లెంపి మౌస్‌ని రెండు చేతులతో పట్టుకుని నొక్కింది. తెర మీద ఊదా రంగూ ఆకుపచ్చ రంగూ కలిసి మెలికలు తిరుగుతూ నాట్యం మొదలెట్టాయి. ఆ నాట్యం మధ్యలోంచి సులో గొంతు వచ్చింది.

"ఏ వయసులో అడవి పనికి వెళ్ళారు?" అని కెల్సీ అడగడమే తడవు, "పదహారు," అన్నాడు సులో.

"చలి ఎలా తట్టుకునేవారు?"

"ఉన్ని."

"భయమేసేదా?"

"చెట్లంటే లేదు."

నేను కుర్చీలో ముందుకి జరిగాను. గొంతు సులోదే. మనిషి మాత్రం సులో కాదు. బయట వానపడుతోందా అని సులోని అడిగితే లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని చూసేవాడు. ఆయన జవాబు చెప్పేలోగా వాన వెలిసేది. అలాంటివాడు ఇక్కడ వేలంపాట పాడేవాడిలా ప్రశ్న పడీ పడకముందే జవాబు అందిస్తున్నాడు. చచ్చిపోయాక ఈయనకి ఇంత చురుకెక్కడిది అనుకున్నాను. పైకి అనలేదు. ఇన్నేళ్ళలో నేను పైకి అనకుండా ఊరుకున్న మాట అదొక్కటే.

"ఇప్పుడొస్తుంది," అంది లెంపి.

"మీ భార్య గురించి చెప్పండి," అంది కెల్సీ. "ఇన్నేళ్ళు కలిసి బతికారు. ఆవిడతో సంతోషంగా ఉన్నారా?"

వెంటనే కెల్సీయే, "సరే. మీ మొదటి మోటారు రంపం ఎప్పుడు కొన్నారు?" అంది.

రంపం గురించి సులో మాట్లాడాడు. దాని రంగు చెప్పాడు. అది ఏ కొట్లో దొరికిందో చెప్పాడు. చలికాలం పొద్దున్నే మొదటి లాగుకే మోగేదన్నాడు. "అలాంటిది మళ్ళీ దొరకలేదు," అన్నాడు. నేను ఎరిగిన సులో ఒక విషయం గురించి అన్ని వాక్యాలు మాట్లాడటం అదే మొదలు.

లెంపి తెరకేసి చూస్తూ, "దాన్ని పెట్టమను పక్కన," అంది. "గొయ్యిలో. చోటు చాలుతుంది."

ఈ మాట అన్నప్పుడు ఆమె గొంతులో కోపం లేదు, ఏడుపూ లేదు. బెల్లం కొట్టిన రాయిలాంటి మొగుడితో జీవితమంతా గడిపి, ఒక్క మాట కోసం కూడా అడగకుండా ఊరుకున్న మనిషి. ఎవరో పరాయి పిల్ల ఆమె తరఫున అడిగితే, ఆ పెద్దమనిషి రంపం మాట ఎత్తుకున్నాడు.

ఇంతలో సులో గొంతు ఆగింది. ఆగీ ఆగగానే కంప్యూటర్లో డప్పులు మోగాయి. బిగుతు బట్టలు వేసుకున్న ఒకమ్మాయి ప్రత్యక్షమై, పొట్ట తగ్గాలంటే మోకాళ్ళు పైకెత్తండి అంటూ గెంతడం మొదలెట్టింది. పుండు మీద కారమంటే ఇదే.

"ఇదేంటి వదినా?"

"తెలీదు. ఆయన అయ్యాక ఈ పిల్లొస్తుంది. కాలేజీవాళ్ళు పెట్టారేమో."

"నువ్వు ఆపలేదా?"

"పాపం చెబుతోంది కదా, మధ్యలో ఆపితే బాగోదని." మౌస్ పక్కకి జరిపి, "చివరిదాకా చూశాను. ప్రతిసారీ," అంది.

అంటే చాలాసార్లే విన్నదన్నమాట. విన్నప్పుడల్లా మొగుడు జవాబు చెప్పకపోవడం వినడం, ఆ తర్వాత మర్యాద కోసం ఈ గెంతులు చూడటం. నాకు ఒళ్ళు మండిపోయింది. సులో మీద కాదు. సులో రాతిగదిలో ఉన్నాడు, ఆయన్నేమీ అనలేను. ప్లేయర్ ఎదురుగా ఉంది.

"ఆ మౌస్ ఇలా ఇయ్యి," అన్నాను.

నాకు కంప్యూటర్ చదువేమీ రాదు. నాకొచ్చింది ఒకటే, ఎవరైనా అక్కర్లేని పని చేస్తుంటే ఆపమని చెప్పడం. సెట్టింగ్స్ అనేచోట పళ్ళచక్రం బొమ్మ ఉంటే నొక్కాను. లోపల టిక్కులు పెట్టిన గడులు వరసగా ఉన్నాయి. పెళ్ళికి పిలవకపోయినా వచ్చి ముందు బల్ల మీద కూర్చున్న చుట్టాల్లా ఉన్నాయి అన్నీ. "తర్వాతిది దానంతటదే ఆడించు" అని ఉంది. టిక్కు తీసేశాను. గెంతే పిల్ల పోయింది. "రంగుల అలలు" తీసేశాను. నాట్యం ఆగింది. "విన్న ప్రతిసారీ అభిప్రాయం అడుగు" అని ఒకటి కనిపించింది.

"అదా," అంది లెంపి. "నచ్చిందా, నక్షత్రాలివ్వండి అని అడుగుతుంది."

"ఇచ్చావా?"

"మూడు."

"మొగుడికి మూడు నక్షత్రాలా!"

"అయిదిస్తే పొంగిపోతాడు," అంది.

అది కూడా తీసేశాను. మళ్ళీ మొదట్నుంచి పెట్టాను. ఈసారి రంగులు లేవు కాబట్టి తెర అడుగున ఉన్న గీత కనబడింది. పాట ఎంతవరకు వచ్చిందో చూపించే చుక్క ఒకటి ఆ గీత మీద నడుస్తుంది కదా, అది నడవడం లేదు. కాసేపు పాకుతోంది, గభాలున కప్పలా గెంతుతోంది, మళ్ళీ పాకుతోంది. కెల్సీ అడగ్గానే గెంతు. సులో ఒక్క మాట అనగానే ఇంకో గెంతు. భార్య గురించి అడిగినచోట అయితే చెరువు దాటినంత గెంతు గెంతింది.

మళ్ళీ టిక్కుల దగ్గరికి పోయాను. కిందకంటా వెళ్తే ఉంది. "నిశ్శబ్దాలను దాటవేయి. మీ విలువైన సమయం ఆదా చేసుకోండి." దాని పక్కన పెద్ద టిక్కు.

ఆ ప్లేయర్ తయారుచేసినవాడు ఎక్కడివాడో గానీ మా ఊరివాడు మాత్రం కాదు. మా ఊళ్ళో మనుషులు మాట్లాడినదానికన్నా మాట్లాడకుండా ఊరుకున్నదే ఎక్కువ. అది తీసేస్తే ఇక్కడివాళ్ళ జీవితాలు ఒక మధ్యాహ్నంలో అయిపోతాయి.

టిక్కు తీసేశాను. "వదినా, ఇది అన్నయ్య మాటల మధ్య ఖాళీలన్నీ మింగేసింది. అందుకే అలా టకటకా మాట్లాడుతున్నాడు. ఇప్పుడు వినవే," అన్నాను, పెద్ద గొప్పగా.

మొదలెట్టాం. కెల్సీ అడిగింది. ఏమీ లేదు. ఇంకా ఏమీ లేదు. కరెంటు పోయిందేమో అనుకునేంతసేపు ఏమీ లేదు. అప్పుడు, "పదహారు," అన్నాడు సులో.

లెంపి కొంచెం వెనక్కి వాలింది. ఆమె భుజాలు సర్దుకున్నాయి. బయట లేని మంచంతా తీసేసిన మా ఆయన బూట్లు విప్పి లోపలికొచ్చి, కాఫీ కప్పుతో గోడపక్కన కూర్చున్నాడు. వాళ్ళ బావ "ఉన్ని" అనేదాకా విని, "బాగుంది," అన్నాడు. ముగ్గురం చాలాసేపు విన్నాం. అంటే వాళ్ళిద్దరూ విన్నారు, నేను ఓర్చుకున్నాను.

ఆ ప్రశ్న వచ్చింది. ఆవిడతో సంతోషంగా ఉన్నారా?

లెంపి చేతులు ఒళ్ళో పెట్టుకుంది. ఏమీ వినబడలేదు. చుక్క పాకుతోంది. నేను ఒకసారి దగ్గాను. చుక్క ఇంకా పాకుతోంది. బయట వీధిలో బండి ఒకటి ఈ చివర్నుంచి ఆ చివరికి వెళ్ళిపోయింది.

"సరే," అంది కెల్సీ కంప్యూటర్లోంచి. "మీ మొదటి మోటారు రంపం ఎప్పుడు కొన్నారు?"

లెంపియే చెయ్యి చాపి ఆపింది.

"ఇంతకుముందు, వినిపించుకోలేదేమో అనుకున్నాను," అంది. "ఇప్పుడు తెలిసింది. బాగా ఆలోచించుకునే చెప్పలేదు. థాంక్స్, ఎల్డా."

నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఎవరు వెళ్ళమన్నారు నన్ను ఆ గడుల్లోకి? ఉన్న గాయం కెలికి, లోతెంతో కొలిచి చూపించినట్టైంది. ఏదో ఒకటి అనాలి కదా అని, "మౌనం అర్ధాంగీకారం అంటారు వదినా," అన్నాను.

"మిగతా సగం ఎక్కడుంది?"

లెంపి లేచి పళ్ళేలు తియ్యడం మొదలెట్టింది. "వెర్న్ రేపు మొదలెడతాడు. ఎడమవైపు మాత్రమే. చెట్టు ఉంచమన్నాను. చెట్టు ఏం చేసింది పాపం."

ఇలాంటప్పుడు నోరు మూసుకునే అలవాటు నాకు లేదు. ఏదో ఒక వంక దొరక్కపోతుందా అని రికార్డింగుని అటూ ఇటూ లాగి అక్కడక్కడా ఆడించాను. ఒకచోట కెల్సీ, "మీరు ఇక్కడే, పెరట్లో సౌనాలో పుట్టారట, నిజమేనా?" అని అడిగింది. సులో ఏమీ అనలేదు. కాసేపాగి కెల్సీ, "సరే," అని ఇంకో ప్రశ్నకి పోయింది.

"ఇదేంటి?" అన్నాను. "సౌనాలో పుట్టానని చెప్పుకోవడానికి ఏమొచ్చింది? పాత రోజుల్లో అందరూ అక్కడే పుట్టారు. పాస్టర్ గారికి కూడా తెలుసు ఆ సంగతి. దానికి కూడా జవాబు చెప్పకపోతే ఎలా? ఈయనకి అసలు ఆ పూట ఒంట్లో బాలేదా? ఏమంటావు ఎర్కీ? నిన్నే! కాఫీ పొయ్యనా ఇంకాస్త?"

మా ఆయన కప్పు ముందుకి జరిపి, ఊపిరి లోపలికి లాగాడు.

నేను కాఫీ గిన్నె గాల్లోనే పట్టుకుని నిలబడిపోయాను.

ఈ ఫిన్నులకి ఒక అలవాటుంది. అవును అనడానికి అందరూ నోట్లోంచి గాలి బయటికి వదిలి అంటారు. వీళ్ళు లోపలికి పీల్చి అంటారు. మిరపకాయ కొరికినవాడిలా చిన్నగా ఊపిరి పీలుస్తారు, ఆ పీల్పులోనే ఒక "యో" ఉంటుంది. ఉందంటే ఉంది, లేదంటే లేదు. పెళ్ళైన కొత్తలో ఎర్కీని ఏదడిగినా ఇలా పీలుస్తుంటే ఉబ్బసమనుకుని, మా అమ్మకి చెప్పి ఏడ్చాను. డాక్టరు దగ్గరికి కూడా తీసుకెళ్ళాను. ఆ డాక్టరూ ఫిన్నే. "ఈయనకి ఊపిరి సరిగ్గా ఆడటం లేదా?" అని అడిగితే ఆయన కూడా అలాగే పీల్చాడు.

"మళ్ళీ అను," అన్నాను ఎర్కీతో.

"ఏంటి?"

"ఆ అవును. అదే అను."

"కాఫీ పొయ్యి ముందు," అన్నాడు.

కాఫీ పొయ్యలేదు. గిన్నె బల్ల మీద పెట్టి మౌస్ అందుకున్నాను. లెంపి వంటింటి గుమ్మంలో పళ్ళేలతో నిలబడి చూస్తోంది. గడుల వరసలో ఇంకా కిందికి వెళ్ళాను. "మాటలు స్పష్టంగా వినిపించేలా నేపథ్య శబ్దాలను తొలగించు" అని ఉంది. దాని మీద నొక్కితే కింద చిన్న చిన్న గడులు విచ్చుకున్నాయి. ఫ్యాను హోరు. అడుగుల చప్పుడు. తలుపుల చప్పుడు. దగ్గు. ఊపిరి.

అన్నిటికీ టిక్కులున్నాయి. అన్నీ తీసేశాను.

ముందు సౌనా ప్రశ్న పెట్టాను. ఈసారి అక్కడ ఒక ఇల్లు ఉంది. గోడ గడియారం కొట్టుకుంటోంది. పొయ్యిలో కట్టెలు చిటపటమంటున్నాయి. దూరంగా గిన్నెల చప్పుడు. "సౌనాలో పుట్టారట, నిజమేనా?" అని కెల్సీ అడిగింది. కుర్చీ కిర్రుమంది. ఆ తర్వాత చిన్న పీల్పు.

"యో."

"విన్నావా!" అని అరిచాను.

లెంపి పళ్ళేలు అక్కడే నేల మీద పెట్టేసి వచ్చి కూర్చుంది. ఆమె పళ్ళెం నేల మీద పెట్టడం నేను ఎప్పుడూ చూడలేదు. ఒకవేళ అక్కడ ఏమీ లేకపోతే? ఈసారి నిజంగానే ఏమీ లేకపోతే, ఇక తీసెయ్యడానికి టిక్కులు కూడా మిగల్లేదు. ఆ మాట ముగ్గురికీ తెలుసు.

"పెట్టు," అంది.

"...ఇన్నేళ్ళు కలిసి బతికారు. ఆవిడతో సంతోషంగా ఉన్నారా?"

గడియారం కొట్టుకుంటోంది. దూరంగా పిండి పిసుకుతున్న చప్పుడు, మెత్తగా, బల్లకేసి కొడుతున్నట్టు. కుర్చీ కిర్రుమంది, ఈసారి గట్టిగా. ఎవరో లేచారు. ఉన్ని చెప్పులు నేల మీద ఈడ్చుకుంటూ వెళ్ళాయి. తొందరేం లేదు వాటికి. ఒక తలుపు నెమ్మదిగా మూసుకుంది, గడియ టక్కుమంది. పిండి చప్పుడు ఆగిపోయింది. ఉన్ని చెప్పులు వెనక్కి వచ్చాయి. కుర్చీ. గడియారం. మళ్ళీ గడియారమే, చాలాసేపు.

అప్పుడు ఆయన పీల్చాడు. సౌనా ప్రశ్నకి పీల్చినట్టు కాదు. నీళ్ళలో మునగబోయే ముందు తీసుకునే ఊపిరిలా ఛాతీ నిండా పీల్చాడు.

"యో."

"సరే," అంది కెల్సీ. ఇందాక విసుగనుకున్నాం ఆ మాటని. కాదు. ఆ పిల్ల గొంతు మెత్తగా ఉంది.

రంపం మాట వచ్చేలోపు నేను ఆపేశాను.

లెంపి తెర వైపు చూడటం లేదు. వంటింటి తలుపు వైపు చూస్తోంది. "అది ఆ తలుపే," అంది. "దాన్ని మేమెప్పుడూ వెయ్యం. వేస్తే పొయ్యి వేడి ఇటు రాదు."

"ఆ రోజు నువ్వు లోపలున్నావా?"

"నిసు పిండి కలుపుతున్నాను. వచ్చి నా మొహం మీదే తలుపేశాడు. ఆ పిల్ల వెళ్ళాక అడిగాను, తలుపెందుకు వేశావని." ఆమె గడియ వైపు వేలు చూపించింది. "గాలి, అన్నాడు."

నేను ఇక ఆపుకోలేకపోయాను. ఏడ్చేశాను. ఏడుస్తూనే, చూశావా వదినా, సిగ్గుపడ్డాడు, నీకు వినబడుతుందని సిగ్గుపడ్డాడు, ముసలాయన, ఎంత ప్రేమ లేకపోతే అలా లేచి వెళ్ళి తలుపేసుకుంటాడు అని ఇంకా ఏవేవో అన్నాను. నా ముక్కు నేను తుడుచుకుంటూ, ఆమె చెయ్యి పట్టుకోబోయాను.

"ఎల్డా," అంది లెంపి.

"ఏంటి వదినా, చెప్పు."

"ఎర్కీని తీసుకుని వంటింట్లోకెళ్ళు. తలుపేసుకో."

వెళ్ళాం. నేల మీది పళ్ళేలు ఎర్కీ ఏరుకొచ్చాడు. తలుపు వేసి, దానికి చెవి ఆనించి నిలబడ్డాను. అవతల సులో గొంతు కూడా వినబడలేదు. శబ్దం బాగా తగ్గించుకుని పెట్టుకుందో, లేక పెట్టుకోలేదో తెలీదు.

"ఏం వినబడదు," అన్నాడు ఎర్కీ.

"నీకెలా తెలుసు?"

"మా అక్క కదా."

కాఫీ పోశాను. ఆయన తాగాడు. నేను గిన్నెలు తోమాను, తోమిన గిన్నెలు మళ్ళీ తోమాను. కిటికీ అవతల ఇంటి చూరు మీంచి మంచునీళ్ళు బొట్లు బొట్లుగా కారుతున్నాయి.

చాలాసేపటికి లెంపి తలుపు తెరుచుకుని వచ్చింది. కళ్ళు పొడిగానే ఉన్నాయి. జుట్టు ఒక పక్కన సరిచేసుకున్నట్టుంది. బల్ల దగ్గర కూర్చుని నిసు ముక్క ఒకటి చేతిలోకి తీసుకుంది గానీ తినలేదు.

నేను ఫోన్ చేతిలోకి తీసుకున్నాను. "వెర్న్‌కి చెయ్యనా వదినా? కుడివైపు నీ పేరు వెయ్యమని చెప్పనా?"

ఆమె జవాబు చెప్పలేదు.

నా నాలుక చివరిదాకా ఎన్ని మాటలు వచ్చాయో నాకే తెలుసు. ఏం వదినా, పలకవేం, ఇంకా కోపమేనా, రేపు పొద్దున్నే మొదలెడతాడు, ఇప్పుడు చెప్పకపోతే రాయి పాడవుతుంది. అన్నీ మింగేశాను. పెదాలు బిగించి, ఫోన్ పట్టుకుని, ఆమె ఎదురుగా కూర్చున్నాను. చూరు నీళ్ళు కారుతూనే ఉన్నాయి. ఎర్కీ లేచి, తన కప్పు తీసుకుని, బయటికి వెళ్ళి వాకిలి తలుపు చేరవేసుకున్నాడు. లెంపి ఆ తలుపు వైపు చూసింది. తర్వాత తన చేతుల వైపు చూసుకుంది. నా కప్పులో కాఫీ మీద మీగడ కట్టింది. నేను ఆగాను.

అప్పుడు ఆమె ఊపిరి లోపలికి పీల్చింది.

నేను వెర్న్‌కి ఫోన్ చేశాను.